నా న్యూట్రోఫిల్స్ తిరిగొచ్చిన కథ

థైరాయిడ్ ఎక్కువైందని కార్బిమజోల్ రాసిన రోజే హనుమకొండ డాక్టరు గారు చీటీ మీద గీత గీసి మరీ చెప్పారు, జ్వరం గానీ గొంతునొప్పి గానీ వస్తే మాత్ర ఆపేసి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోమ్మా అని. రెండో నెలలో సరిగ్గా అదే జరిగింది. ఉమ్మి కూడా మింగలేను, నోట్లో పుండ్లు, 103 జ్వరం.

రిపోర్టులో తెల్ల రక్తకణాలు 1,100. ఉండాల్సింది 4,000 నుంచి 11,000. మా ఆయన ఆ అంకె దగ్గరే టెన్షన్ పడిపోయాడు, డాక్టరు గారి వేలు మాత్రం కింద శాతాల దగ్గర ఆగింది. న్యూట్రోఫిల్స్, అంటే బ్యాక్టీరియాతో ముందుగా పోరాడే రకం తెల్లకణాలు, 3 శాతమే, అంటే 1,100లో 33. అవి 500 కంటే తగ్గితేనే ప్రమాదమట! ఒక్కో న్యూట్రోఫిల్ రక్తంలో తిరిగేది మహా అయితే ఒక రోజు, అందుకే మాత్ర వల్ల ఎముక మజ్జలో తయారీ ఆగితే నిల్వ ఇట్టే ఖాళీ అవుతుంది. వెంటనే అడ్మిట్ చేశారు. విడి గది, సెలైన్‌లో యాంటీబయాటిక్స్, మజ్జ న్యూట్రోఫిల్స్ తయారుచేసేలా రోజూ పొట్ట మీద ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా బొప్పాయి ఆకు రసం తాగమనేవాళ్ళే. ప్లేట్‌లెట్లయినా తెల్లకణాలైనా మనవాళ్ళకు మందు ఒకటే.

కాజీపేటలో ల్యాబ్ నడిపే మా మేనమామ కొడుకు రోజూ నా రక్తం స్లైడు మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ మీద ఫోన్ పెట్టి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపేవాడు. మొదట్లో అన్నీ లింఫోసైట్లనే ఇంకో రకం తెల్లకణాలే, గుండ్రటి ముదురు ఊదా కేంద్రకం, దాని చుట్టూ సన్నటి నీలం అంచు, అంతే. మాత్ర దెబ్బ వాటికి తగల్లేదు. ఒక సాయంత్రం మాత్రం ఎర్రకణాలకు రెండింతలకు పైగా ఉన్న బూడిదరంగు కణం ఒకటి వచ్చింది, కేంద్రకం చిక్కుడు గింజలా వంగి ఉంది. వెనకాలే బావ వాయిస్ మెసేజ్: "ఇది మోనోసైట్, ఇంకో రకం తెల్లకణం. ఇవి పెరుగుతున్నయే మరదలా, నీ మజ్జ లేస్తున్నట్టుంది. ఇవి ముందొస్తయి, న్యూట్రోఫిల్స్ వెనక వస్తయి."

అన్నట్టే ఆ తర్వాత నడుములో, తుంటి ఎముకల్లో సలుపు మొదలైంది. ఇంజెక్షన్‌కు మజ్జ పనిలో పడితే అలా ఉంటుందని నర్సు చెప్పింది, నొప్పికి అంత సంతోషపడటం నాకు అదే మొదటిసారి. మైలోబ్లాస్ట్ నుంచి ప్రోమైలోసైట్, మైలోసైట్, మెటామైలోసైట్, బ్యాండ్, ఇన్ని దశలు దాటితే గానీ పూర్తి న్యూట్రోఫిల్ కాదు, మామూలుగా రెండు వారాలకు దగ్గర పడుతుంది. మైలోసైట్ దాటాక ఇక విభజన లేదు, కేంద్రకం వంగుతూ పోవడమే. నా మజ్జ ఆగలేక మైలోసైట్లను కూడా బయటికి తోసేసింది. ఫోటోల్లో కేంద్రకం ఇంకా తెగని బ్యాండ్లు, వాటి పక్కనే సన్నని పోగుతో కలిసిన మూడు నాలుగు ముక్కల కేంద్రకంతో పూర్తిగా ఎదిగినవి కనిపించాయి.

డిశ్చార్జ్ నాటికి తెల్లకణాలు 6,200, అందులో న్యూట్రోఫిల్స్ 58 శాతం. బలం వచ్చాక ల్యాబ్‌కు వెళ్ళి కూర్చున్నాను. ఏడాదంతా తుమ్మే బావ తన సొంత స్లైడు పెట్టాడు, దాన్నిండా అలర్జీలో పెరిగే తెల్లకణాలు ఇసినోఫిల్సే, రెండు ముక్కల కేంద్రకం, నారింజ రంగు రేణువులు. అన్నిటికంటే అరుదైన తెల్లకణం బేసోఫిల్ కోసమైతే స్లైడంతా వెతికించాడు. నూటికి ఒకటి కూడా ఉండదు, దొరికినా నల్లటి నీలం రేణువుల కింద కేంద్రకమే కనపడదు.

ఆ మాత్ర నాకిక జన్మలో వద్దన్నారు. హైదరాబాద్‌లో రేడియో అయోడిన్ ఇప్పించుకున్నాను, ఇప్పుడు థైరాయిడ్ తగ్గిపోయి రోజూ పరగడుపున థైరాక్సిన్ వేసుకుంటున్నాను. మొన్న నర్సంపేటలో మా చెల్లికీ థైరాయిడ్ ఎక్కువని తేలి అదే కార్బిమజోల్ రాశారు. అక్కా, నీకట్లయింది కదా, నేనెట్ల వేసుకోను అని ఏడ్చింది. వెయ్యి మందిలో ఇద్దరి నుంచి అయిదుగురికే ఇలా అవుతుంది, వేసుకో అన్నాను. గొంతు నొచ్చిందంటే మాత్రం రాత్రయినా సరే నాకు ఫోన్ చెయ్యమన్నాను.