మిరియం ఒంటి మీద తెల్లపొట్టు, దాని గిన్నెలో చేసిన మార్పులు

మా మిరియం నల్ల కుక్క. అందుకే ఒంటి మీద పొట్టు కొట్టొచ్చినట్టు కనపడేది. వీపు మీద వెంట్రుకలు ఎదురు దువ్వితే సన్నటి తెల్లటి పొరలు లేచి నా చేతికంటుకునేవి. రాత్రిళ్లు గోక్కుంటుంటే వెనక కాలు నేలకి తగిలి టకటకమని చప్పుడు. అందరం లేచి కూర్చునేవాళ్లం.

అది విజయనగరంలో మా మేనత్త దగ్గర పెరిగింది. అత్త తన కొడుకు దగ్గరికి కెనడా వెళ్లిపోతూ విశాఖలో ఉన్న నాకు అప్పగించింది. దాన్ని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి. వాళ్లది శాకాహారుల ఇల్లు. పొద్దున పాలన్నం, రాత్రి పెరుగన్నం, మధ్యలో బిస్కెట్లు. మన ఊళ్లలో ఇంటి కుక్కలు చాలామటుకు ఇలాగే పెరుగుతాయి. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

తిండి మార్చే ముందు డాక్టరు గారికి చూపించాం. ఆయన మొదట చేసింది ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పనే. తోక మొదట్లో సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేశారు. ఆ నలుసుల చుట్టూ ఎర్రగా రంగు దిగితే అది ఫ్లీస్ అనే సన్న పురుగుల పెంట, అంటే అవి తాగిన రక్తం. మిరియం దూది తెల్లగానే ఉంది. తరవాత బ్లేడుతో చర్మం పైపైన గీకి, గాజు పలక మీద నూనెచుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద చూశారు. గజ్జి పురుగులు లేవు, ఫంగస్ కూడా లేదు. చర్మం మీద ఎర్రదనం లేదు, చెవులు శుభ్రంగా ఉన్నాయి, పాదాలు నాక్కోవడం లేదు. పొడిబారడం, పొట్టు, దురద, అంతే.

అప్పుడడిగారు, ఏం తింటుందని. చెప్పాను. "అన్నంతో కడుపు నిండుతుందమ్మా. చర్మానికి కావాల్సిన మాంసకృత్తులు, కొవ్వు ఎక్కడివి?" అన్నారు.

ఆ మాట పట్టుకుని నేను చదివినంత చదివాను. కుక్క తిన్న ప్రొటీన్‌లో పావు వంతు నుంచి 30 శాతం దాకా ఒక్క చర్మానికీ వెంట్రుకలకే పోతుంది. తిండిలో ప్రొటీన్ తక్కువైతే ఒళ్లు ముందు గుండె, కండరాలు చూసుకుంటుంది, చర్మం వంతు చివరికొస్తుంది. ఇక కొవ్వు. లినోలియిక్ ఆమ్లం అని ఒమేగా 6 రకం కొవ్వు ఒకటుంది. కుక్క ఒంట్లో అది తయారవదు, తిండిలోంచే రావాలి. చర్మంలో తడి బయటికి ఆరిపోకుండా పట్టి ఉంచేది అదే. కోడి కొవ్వులో, పొద్దుతిరుగుడు నూనెలో బాగా ఉంటుంది. అన్నంలో, వెన్న తీసిన పాల పెరుగులో దాదాపు లేదనే చెప్పాలి.

చేపనూనె గురించి అందరూ చెబుతారు కానీ దాని పని వేరు. అందులో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా 3 కొవ్వులు చర్మం లోపలి వాపునీ మంటనీ తగ్గిస్తాయి. దాంతో దురద తగ్గుతుంది. పొడిదనానికి ఒమేగా 6 కావాలి, దురదకి ఒమేగా 3. పెరుగన్నం మీద పెరిగిన కుక్కకి రెండూ కరువే. ఒకటి పెట్టి రెండోది మానేస్తే సగం పనే అవుతుంది. చాలామంది కొబ్బరి నూనె పోస్తారు. తినిపించినా ఈ విషయంలో పెద్దగా ఒరిగేదేం లేదు, అందులో లినోలియిక్ ఆమ్లం చాలా తక్కువ. అవిసె గింజల్లో ఉన్న ఒమేగా 3ని కుక్క ఒళ్లు ఈపీఏగా మార్చుకోగలిగేది కొంచెమే.

మాకు సముద్రం పక్కనే కాబట్టి చేపకి ఇబ్బంది లేదు. పెద జాలరిపేటలో కవ్వళ్లు (సార్డీన్ చేపలు) తెస్తాను. వెడల్పైన గంప ముందు కూర్చున్నామె, కుక్కకని చెబితే "కుక్కకేటమ్మా ఇన్ని? ఇంట్లో ఎవరూ తినరా?" అని అడిగింది. సంగతి చెప్పాక ఒంటి మీద నూనె నిగనిగలాడుతున్నవి ఏరి ఇచ్చింది. ఇప్పుడు నన్ను చూడగానే మిరియం ఎలా ఉందని అడుగుతుంది. తల, పేగులు తీసి, కడిగి, చేపలు మునిగేన్ని నీళ్లు పోసి కుక్కర్లో పెడతాను. ఉప్పు, కారం, పసుపు ఏమీ లేవు. మూత తీశాక నడిమి ముల్లుని రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాను. పిండిలా నలిగిపోతే సరే, గుచ్చుకుంటే మళ్లీ మూత పెట్టడమే. ఆ నీళ్లు పారబొయ్యను, చేప కొవ్వు కొంత అందులోకే దిగుతుంది. ఎండుచేపలు మాత్రం పెట్టకండి, ఆ ఉప్పు కుక్కకి మంచిది కాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. ఆ రోజుల్లో తాజా కవ్వళ్లు సరిగ్గా దొరకవు. అప్పుడు మెడికల్ షాపులో దొరికే చేపనూనె క్యాప్సూల్స్ వాడతాం. ఇక్కడొక మెలిక ఉంది. డబ్బా మీద పెద్దక్షరాలతో 1000 మిల్లీగ్రాములని ఉంటుంది, అది మొత్తం నూనె బరువు. వెనక్కి తిప్పి చూస్తే మామూలు రకంలో ఈపీఏ 180, డీహెచ్ఏ 120 ఉంటాయి. మనకి పనికొచ్చేది ఆ 300. డాక్టర్లు కుక్క బరువుని బట్టి చెప్పే మోతాదు సాధారణంగా ఈ లెక్కలోనే ఉంటుంది. కాడ్ లివర్ ఆయిల్ వేరే సరుకు, దాంట్లో ఏ, డీ విటమిన్లు ఎక్కువ. అదే చేపనూనె అనుకుని పోస్తూపోతే ఒంట్లో పేరుకుని హాని చేస్తాయి. చేపనూనె ఎక్కువైనా విరేచనాలవుతాయి.

మిరియం 18 కిలోలుంటుంది. ఇప్పుడు దాని గిన్నెలో అన్నం మునుపటికంటే బాగా తక్కువ. చర్మంతో సహా ఉడికించిన కోడి మాంసం, వారానికి రెండు మూడుసార్లు కవ్వళ్లు, ఉడికించిన గుడ్డు, కొంచెం కోడి కార్జం, గుమ్మడి ముక్కలు. చేప పెట్టే రోజున మాంసం ఉండదు కనుక ఆ పూట ఒక టీస్పూన్ పొద్దుతిరుగుడు నూనె. మాంసంలో కాల్షియం తక్కువ కాబట్టి డాక్టరు గారు పొడి రాసిచ్చారు, అది తప్పనిసరి. పచ్చిగుడ్డు పెడితే వెంట్రుకలు మెరుస్తాయంటారు. నిజానికి పచ్చి తెల్లసొనలో ఉండే ఎవిడిన్ చర్మానికి కావాల్సిన బయోటిన్‌ని పట్టేసి ఒంటికి అందనివ్వదు. ఉడికిస్తే ఆ బెడద పోతుంది. మనం తిన్న పులుసు, కూర మిగిలిందని కలపొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. పిడుదులు పోతాయని వెల్లుల్లి పెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

మార్పంతా వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా చేశాం. నెల తిరక్కుండానే టెన్షన్ మొదలైంది, పొట్టు రాలుతూనే ఉంది మరి. ఫోన్ చేస్తే డాక్టరు గారు ఆగమన్నారు. కుక్క పైచర్మం కొత్తగా తయారై రావడానికే సుమారు మూడు వారాలు పడుతుంది, కొవ్వుల ప్రభావం తెలియడానికి రెండు నెలలన్నా చూడాలన్నారు. అలాగే జరిగింది. ముందు పొట్టు తగ్గింది. తరవాత రాత్రి చప్పుడు తగ్గింది. మెరుపు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది, అదీ మెడ దగ్గర మొదలై.

మీ కుక్కది ఇదే సమస్య అని మాత్రం అనుకోకండి. చెవులు మాటిమాటికీ ఎర్రబడుతూ, పాదాలు నాక్కుంటూ, ఏడాది పొడుగునా దురద ఉంటే తిండి పడకపోవడం కూడా కారణం కావచ్చు. తిండి పడని కుక్కల మీద 2016లో వచ్చిన ఒక సమీక్షలో గొడ్డుమాంసం 34 శాతం కుక్కల్లో, పాల పదార్థాలు 17, కోడి 15, గోధుమ 13 శాతం కుక్కల్లో కారణమని తేలింది. అంటే నేను మేలని పెడుతున్న కోడే ఇంకో కుక్కకి చెరుపు కావచ్చు. అది తేల్చడానికి రక్తపరీక్షల్ని నమ్మలేం. ఇంతకుముందెప్పుడూ తినని ఒకే మాంసం, ఒకే పిండిపదార్థం 8 వారాలు పెట్టి, తగ్గాక మళ్లీ పాత తిండి పెట్టి చూడాలి. ఆ 8 వారాలూ ఒక్క బిస్కెట్ ముక్క కూడా పడకూడదు. ఇంట్లో పిల్లలకీ పనమ్మాయికీ ముందే చెప్పుకోవాలి.

అత్తకి చేపల సంగతి తెలిసి ఫోన్ చేసింది. "ఒసే, నా పిల్లకి చేపలు పెడుతున్నావటే?" అని. బాధపడుతుందేమో అనుకున్నాను. వీడియోలో దాని వీపు చూపించమంది. వెంట్రుకలు ఎదురు దువ్వి చూపించాను. చాలాసేపు చూసి, "గోక్కోవట్లేదు కదా, అయితే పెట్టు" అంది. వెంటనే, విజయనగరంలో వాళ్ల ఎదురింట్లో కుక్కకీ ఇలాగే ఉందట, వాళ్లు గుడ్డు కూడా తేరు, ఏం చెయ్యమంటావని అడిగింది. పనీరుతో ప్రొటీన్ కొంత పెరుగుతుంది, పొద్దుతిరుగుడు నూనె వంటింట్లోనే ఉంటుంది, చేపనూనెకి బదులు నాచు నుంచి తీసిన డీహెచ్ఏ క్యాప్సూల్స్ ఉన్నాయి, మొత్తం మోతాదులు మాత్రం డాక్టరు చేత రాయించుకోవాలని చెప్పాను. అత్త కాగితం మీద రాసుకుంటూ, దానికి చెవులు కూడా ఎర్రగా ఉంటాయే అంది. అయితే పనీరు మాట చెప్పకు అత్తా, ముందు చూపించమను అన్నాను.