బాల్కనీ యాంటెన్నా: దారిలో కేబుల్ ఎంత మింగుతోంది?

మధ్యగదిలో 4జీ రౌటర్‌కి బ్యాండ్ 40 మీద, అంటే 2300 మెగాహెర్ట్జ్‌లో, ఆర్ఎస్ఆర్‌పీ (టవర్ నుంచి అందే సిగ్నల్ బలం, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ మేలు) మైనస్ 112 డీబీఎం. అదే రౌటర్ని బాల్కనీలో పెడితే మైనస్ 96. తేడా 16 డీబీ. అంటే బయటున్న పవర్లో నలభయ్యో వంతే లోపలికి వస్తోంది.

కొలిచేటప్పుడు రౌటర్ ఒకే బ్యాండ్ మీద ఉండేలా లాక్ చేసి తీరాలి. లేకపోతే లోపలికి తేగానే రౌటర్ 850 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి దూకేస్తుంది, అంకె బాగుపడినట్టు కనిపిస్తుంది. కదపకపోయినా రీడింగ్ మూడు నాలుగు డీబీలు ఊగుతుంది కాబట్టి పది నిమిషాల సగటే రాసుకుంటున్నా. రెండో యాంటెన్నా పోర్టుకి యాంటెన్నా బదులు 50 ఓమ్స్ టెర్మినేటర్ (మూత లాంటి రెసిస్టర్) బిగించే ఉంచా.

రౌటర్ యాంటెన్నానే పది మీటర్ల ఆర్‌జీ-58 (50 ఓమ్స్ సన్న కోయాక్సియల్ కేబుల్)తో బాల్కనీలోకి మారిస్తే మైనస్ 106 వచ్చింది. వస్తుందనుకున్న 16లో పదీ కేబుల్‌కే పోయాయి! నానోవీఎన్ఏ వీ2 (కేబుళ్లు, యాంటెన్నాలు కొలిచే చిన్న మీటర్)తో ఎస్21, అంటే ఒక కొస నుంచి రెండో కొసకి ఎంత సిగ్నల్ చేరుతుందో చూస్తే అదే తేలింది: నష్టం 850లో 5.6 డీబీ, 1800లో 8.7, 2300లో 10. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ సన్న కేబుల్ ఇలాగే తినేస్తుంది.

డిష్ తీసేశాక మిగిలిన ఆర్‌జీ-6 ఇంట్లోనే ఉంది. ఆ కేబుల్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి చూపే ఒకరకం నిరోధం) 75 ఓమ్స్, రౌటర్‌ది 50 కదా, మనకి పనికిరాదని చాలామంది పక్కన పెట్టేస్తారు. కానీ 50 నుంచి 75కి మారే ఒక్కో చోట పోయేది సుమారు 0.18 డీబీ మాత్రమే. అంతే పొడవు, ఎఫ్-ఎస్ఎంఏ అడాప్టర్లతో (డిష్ కేబుల్ కనెక్టర్‌ని రౌటర్ కనెక్టర్‌కి కలిపేవి) కలిపి 2300లో నష్టం 3.9 డీబీ వచ్చింది. రౌటర్ రీడింగ్ మైనస్ 100కి ఎక్కింది. నా దృష్టిలో ఇంట్లో వాడటానికి ఆర్‌జీ-58 కంటే ఇదే మేలు.

గోడ పైపులో ఇప్పటికే వేసేసిన కేబుల్‌ని రెండు కొసలూ పట్టుకుని కొలవలేం. అవతలి కొస ఏమీ తగిలించకుండా వదిలేసి, ఇవతల ఎస్11, అంటే పంపిన సిగ్నల్లో ఎంత వెనక్కి వస్తుందో చూడాలి. సిగ్నల్ వెళ్లి తిరిగొస్తుంది గనక వచ్చిన రిటర్న్ లాస్ (పంపినదానికంటే తిరిగొచ్చింది ఎన్ని డీబీలు తక్కువో)లో సగమే కేబుల్ లాస్. ఆర్‌జీ-6 అయితే గ్రాఫ్ సుమారు 12 మెగాహెర్ట్జ్‌కోసారి అలలా లేచి పడుతుంది. ఆ అలల మధ్యగీత పట్టుకోవాలి, శిఖరాన్ని కాదు. కొలిచేముందు ఓపెన్, షార్ట్, లోడ్ కాలిబ్రేషన్ (మీటర్ కొసని ఖాళీగా, షార్ట్ చేసి, 50 ఓమ్స్ పెట్టి సరిచూడటం) తప్పనిసరి.

ఒక్క మాట: అనుమతి లేకుండా సిగ్నల్ బూస్టర్ పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా టవర్‌కి నాయిస్ పెంచి చుట్టుపక్కల అందరి కాల్స్ పాడుచేస్తుంది. అందుకే నేను యాంటెన్నా, కేబుల్‌తోనే సరిపెడుతున్నా.

తర్వాత రెండో పోర్టుకీ ఆర్‌జీ-6 లాగి, మైమోతో (రెండు యాంటెన్నాలూ ఒకేసారి వాడే పద్ధతి) డౌన్‌లోడ్ వేగం కొలవాలి.