తాళానికి కట్టిన కవరు

"జనాభా లెక్కలవాళ్లు వస్తే ఈ ఇంట్లో ఎంతమందని చెప్పాల?" సాయంత్రం పెద్దమ్మ ఎదురిల్లు చూపిస్తూ అడిగింది. తాళంలోకి వాననీళ్లు పోకుండా పాల ప్యాకెట్టు కవరు చుట్టి, పురికొసతో కట్టిపోయారు.

మా కనిగిరి వైపు ఊళ్లలో ఇలాంటి తాళాలు ఎన్నో. ఎస్సీ కాలనీ కుర్రాళ్లు బెంగళూరులో బేల్దారి పనికి, మా బజారు పిల్లలు హైదరాబాదు హాస్టళ్లకు. ఊరికి ఒక్కటే ఉన్న కుమ్మరోళ్ల ఇల్లు కూడా ఖాళీ. నాకైతే అదే ఎక్కువ బాధ.

2011 లెక్కల నాటి ఊరు కాదిది. 2021లో జరగాల్సిన లెక్కలేమో జరగలేదు.

పెద్దమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. బజారులో 22 ఇళ్లు, పొయ్యి వెలిగేవి 9.

"సంక్రాంతికి అందరూ వస్తారుగా అబ్బయ్యా, వాళ్లనీ రాసుకోమని చెప్పు."