బాల్కనీలో తుప్పు

పదకొండు దాటింది. అత్తయ్య పడుకున్నారు, ఈయన టీవీ ముందు కూర్చుని కళ్ళు మూసుకుని "నిద్రపోలేదు, వింటున్నా" అంటున్నారు. నాకు మాత్రం నిద్ర రావడం లేదు, ఎందుకో చెబితే నవ్వుతారు. పొద్దున బీచ్‌లో ఎవరో పెద్దాయన మా బుజ్జిని మెచ్చుకున్నాడు. అంతే సంగతి. మెచ్చుకుంటే నాకేంటి? మెచ్చుకున్నప్పుడు వీడు దాన్ని పుచ్చుకున్న తీరు ఉంది చూడండి, అదీ.

బుజ్జి అంటే మరిదే, ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్ళో ఉండే మరిది. యాభై వచ్చినా సరే, నా పెళ్ళిలో నిక్కరేసుకుని తోడపెళ్ళికొడుకుగా కూర్చున్నవాడు కాబట్టి నాకు వాడు వాడే. ఈ సంక్రాంతికి సూట్‌కేసులో చాక్లెట్ డబ్బాలు ఉండాల్సిన చోట మెటల్ డిటెక్టర్‌ని ముక్కలుగా విప్పి తెచ్చాడు. అక్కడ సెలవు దొరికితే పొలాల్లో అది పట్టుకుని తిరగడమేనట. అత్తయ్య చూసి "ఏట్రా బుజ్జీ, లండన్లో ఇదేనేటి నీ ఉజ్జోగం?" అన్నారు. లెస్టరూ లండనూ ఒకటి కావని ఆవిడకి చెప్పడం మేము ఎప్పుడో మానేశాం.

పొద్దున మన విశాఖ బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర కారు పెట్టి ఇసుకలోకి దిగాం. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో పకోడీలు దేవే చిల్లుల గరిటని పార సైజుకి పెంచినట్టున్న ఒక సరంజామా, నడుముకి రెండు అరల సంచీ. మోగిన చోటల్లా తవ్వుతాడు, వచ్చినదాన్ని చూస్తాడు, సంచీలో వేస్తాడు, గుంత పూడ్చి కాలితో సర్దుతాడు. క్వార్టర్ సీసా మూత, మేకు, మాత్రల రేకు, మళ్ళీ మూత. వాకింగ్‌కి వచ్చిన ఆ పెద్దాయన ఇదంతా చూసి, "చాలా మంచి పనండీ, మీలాంటి కుర్రాళ్ళు ఉంటే ఈ బీచ్ ఇలా ఉండేది కాదు" అన్నాడు. కుర్రాళ్ళు! వీడేమో తల కాస్త వంచి, "ఏదో నా వంతు సార్" అన్నాడు. ఆ వినయం చూసి నాకు ఒళ్ళు మండింది.

కారెక్కాక అడిగేశాను, నీకు ఈ సంఘసేవ ఎప్పట్నుంచిరా అని. వాడు పకపకా నవ్వి, "సేవేంటొదినా, ఆ మూత అక్కడే వదిలేస్తే రేపు మళ్ళీ అదే మోగుతుంది, మళ్ళీ నేనే తవ్వాలి, అందుకు తీస్తాను" అన్నాడు. మరి ఆ మాట ఆయనతో అనలేదేం? "ఆయన సంతోషపడుతున్నాడు కదా, ఎందుకు పాడుచేయడం."

అసలు కథ ఇదీ. మెషీన్ కింది చక్రంలో రాగితీగ చుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ మారుతుంటే ఇసుకలోకి అయస్కాంత క్షేత్రం దిగుతుంది, దారిలో లోహం తగిలితే అందులోనూ చిన్న చిన్న కరెంటు సుళ్ళు పుట్టి తిరిగి జవాబిస్తాయి. జవాబుని బట్టి తెర మీద అంకె పడుతుంది. ఇనుముకి తక్కువ, వెండికీ రాగికీ ఎక్కువ. బంగారు ఉంగరం మాత్రం ఈ రెండిటి మధ్య ఎక్కడో పడుతుంది, అదీ సరిగ్గా అల్యూమినియం రేకులూ మూతలూ కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే రింగూ పడే చోటనే. రేకులు వద్దని మెషీన్ నోరు నొక్కితే ఉంగరమూ వినబడదు. అందుకని అన్నీ తవ్వాల్సిందే. దానికి తోడు మన తీరం నల్ల ఇసుక, భీమిలి దాకా ఇల్మనైటూ గార్నెట్టూ అనే ఖనిజాలు కలిసినది, పైగా తడి ఇసుకలో ఉప్పునీళ్ళు కూడా కరెంటు పోనిస్తాయి కాబట్టి ఏమీ లేకపోయినా మెషీన్ గొణుగుతూనే ఉంటుంది. ఇన్ని గొణుగుళ్ళ మధ్య తవ్విన మూతని మళ్ళీ అదే గుంతలో పడేసేవాడు పిచ్చివాడై ఉండాలి.

సరే, అర్థమైంది. కానీ ఆ సంచీ ఎక్కడికి వస్తోంది? మా బాల్కనీకి. ముగ్గేసిన తులసికుండీ పక్కన, పాత పేపరు పరిచి, దాని మీద తుప్పు. వచ్చినప్పటినుంచీ ఇదే వరస. ఉప్పునీళ్ళలో నానిన ఇనుము టైల్స్ మీద కారిన మరక దేనితో రుద్దినా పోవడం లేదు. నిమ్మకాయ పెట్టాను, వంటసోడా పెట్టాను, పనమ్మాయి చేత చీవాట్లు కూడా తిన్నాను. విరిగిన బ్లేడు ముక్కలు, గాలాలు, ఒకసారి ఇంజెక్షన్ సూది కూడా. ఉక్కు ఫ్యాక్టరీలో జీవితమంతా గడిపి రిటైరైన ఈయనకి ఇప్పుడు ఇంట్లో తుప్పు చూస్తే పుట్టింటివాళ్ళు వచ్చినంత సంబరం. కళ్ళజోడు సర్దుకుని ఇనుము ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, ఇత్తడీ రాగీ ఒక కుప్ప. అన్నం చల్లారిపోతోందని పిలిస్తే "ఆగు, ఇది మైల్డ్ స్టీలు కాదు" అంటారు. మైల్డ్ స్టీలు కాకపోతే పులుసులో వేసుకుందామా?

పాత సామాన్లవాడిని కేకేసి పిలిచాను. అతను కుప్పని కాలి బొటనవేలితో కదిపి, "ఇది తుప్పమ్మా, ఇనుము కాదు, తూకానికి రాదు" అని అల్యూమినియం మూతలు మాత్రం పట్టుకెళ్ళాడు. చెత్తబండి అమ్మాయి బ్లేడులున్న సంచీ ముట్టుకోనంది, అదీ న్యాయమే, ఆ పిల్ల ఒట్టి చేతులతో పనిచేస్తోంది. కాబట్టి సముద్రపు ఒడ్డు శుభ్రం, నా బాల్కనీ ఇలా. మెచ్చుకునే పెద్దాయన ఇక్కడికి వచ్చి ఒక కప్పు కాఫీ తాగి చూసి వెళ్ళాలి.

ఇంతవరకూ రాసి లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. వంటింట్లో పిండి జల్లెడ చూడగానే భీమిలి గుర్తొచ్చింది.

ఒకసారి మాఘ పౌర్ణమి స్నానానికి అందరం భీమిలి వెళ్ళాం. నీళ్ళలోంచి బయటికొచ్చి తల తుడుచుకుంటుంటే పెద్దత్త చెవికి దుద్దు లేదు. ఎర్రరాళ్ళ దుద్దు, శీల ఊడి పడిపోయింది. ఆవిడ కూర్చున్నది ఇక్కడే, లేదు అక్కడే, లేదు నీళ్ళలోనే అని పెద్దవాళ్ళు ముగ్గురు మూడు మాటలు. నాన్న పులిహోర డబ్బా మూత పెట్టేసి రంగంలోకి దిగారు. కర్రతో ఇసుక మీద గళ్ళు గీసి, పిల్లలందరికీ తలో గడి ఇచ్చి, ఎవరి గడి వాళ్ళు వెతకాలి, పక్కవాడి దాంట్లో వేలు పెట్టకూడదు అన్నారు. జల్లెడ తెచ్చారు కానీ తడి ఇసుక పిండి జల్లెడలోంచి దిగుతుందా? అప్పుడు పక్కన ఇల్లు కడుతున్న మేస్త్రీని బతిమాలి ఇసుక జల్లెడ తెచ్చారు, దాన్ని వంతులవారీగా వాడుకోవాలి. నాకు మొదట వచ్చింది సోడా మూత. దాన్నేం చేయాలి? గీత అవతలికి విసిరాను, అది తమ్ముడి గడి. తమ్ముడు వాడికి దొరికిన బ్లేడుముక్కని బావ గడిలోకి, బావ తన మేకులన్నీ నా గడిలోకి. కాసేపటికి నాకు జల్లెడలో ఏదో తళుక్కుమంది, దొరికింది దొరికింది అని అరిచాను, పెద్దత్త తడిచీరతో పరిగెత్తుకొచ్చింది, చూస్తే నా సోడా మూతే, ఊరంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. అలా ఆ మధ్యాహ్నమంతా ఉన్న గుప్పెడు చెత్తే ఒకరి గడిలోంచి ఒకరి గడిలోకి తిరిగింది, ప్రతిసారీ ఎవరో ఒకరు దొరికింది అని అరవడం, పెద్దత్త పరిగెత్తడం. ఆఖరికి ఆవిడ "నా దుద్దు పోయి నేనేడుస్తుంటే మీకు ఆటలా" అని అందరికీ తలో మొట్టికాయ వేసింది. దుద్దు దొరకలేదు. మిగిలిన ఒంటి దుద్దు కరిగించి వాళ్ళమ్మాయికి ఉంగరం చేయించారు, ఆ ఉంగరం గొడవ వేరే టపా.

నాన్న ఇంజనీరింగ్ బుర్రతో గళ్ళయితే గీశారు కానీ, దొరికిన చెత్త వేయడానికి ఒక డబ్బా పెడదామని ఎవరికీ తోచలేదు. డబ్బా పెట్టి ఉంటే అది బీచ్ మీద ప్రేమతో పెట్టినట్టా? దుద్దు కోసం పెట్టినట్టు. అయినా బీచ్ శుభ్రపడేది.

ఇక్కడికొచ్చేసరికి బుజ్జి మీద కోపం కొంచెం తగ్గింది. వాడు రాత్రి భోజనాల దగ్గర ఇంకో సంగతి చెప్పాడు. ఒక మేకు పక్కన చిన్న ఉంగరం ఉంటే మెషీన్‌కి చాలాసార్లు మేకే వినిపిస్తుందట, ఉంగరం దాని నీడలో దాక్కుంటుంది. చెత్త తీసేసిన చోట మళ్ళీ తిరిగితే ముందు వినపడనివి వినపడతాయి. 1881లో అమెరికా ప్రెసిడెంట్ గార్ఫీల్డ్‌ని కాల్చినప్పుడు ఒంట్లో తూటా ఎక్కడుందో వెతకడానికి టెలిఫోన్ బెల్ దొర ఇలాంటి యంత్రమే చేసుకొచ్చాడు. పరుపు కింద స్టీలు స్ప్రింగులున్నాయని ముందు తెలియదు, యంత్రం గందరగోళపడింది. పైగా డాక్టరు వెతకనిచ్చిన వైపు తూటా లేనే లేదు. జూలైలో దెబ్బతిన్న మనిషి సెప్టెంబరులో పోయాడు. ఇది వినగానే ఈయన "ముందు మంచం మార్చాల్సింది" అన్నారు.

అంటే స్వార్థమే. కానీ ఆలోచిస్తే ఈ స్వార్థం నాకు ఆ ఫొటోల సేవ కంటే నయమనిపిస్తోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొన్న చూశారుగా, అందరూ ఒకే రంగు టోపీలు, కొత్త గ్లౌజులు, పైకి కనిపించే కవర్లు ఏరి, ఫొటో దిగి, ఇడ్లీ తిని వచ్చేశారు. మళ్ళీ ఎప్పుడో ఏమో. వీడు రేపు పొద్దున చలిలో మళ్ళీ వెళతాడు, ఎవరూ చూడకపోయినా వెళతాడు, ఇసుక లోపలి మేకు కూడా తీస్తాడు, ఎందుకంటే తీయకపోతే వాడికే విసుగు.

అలా అనుకుని ఊరుకుందామంటే భోగి మేకుల సంగతి అడ్డొచ్చింది. భోగి మంటలో మా కాలనీవాళ్ళు ఈసారి పాత బీరువా తలుపులూ ప్యాకింగ్ చెక్కలూ వేశారు. చెక్క కాలిపోయింది, మేకులు మిగిలాయి. మర్నాడు ఆ బూడిద మీదే పిల్లలు క్రికెట్ పెట్టారు. బుజ్జి మెషీన్ తెచ్చి ఆ జాగా అంతా ఓపిగ్గా తిప్పి మేకులు ఏరేశాడు. అక్కడ ఉంగరాలేమీ దొరకవని వాడికి తెలుసు, మళ్ళీ అక్కడ వెతకబోడు కూడా. మరి అదెందుకు? అడిగితే "అలవాటొదినా, తీసింది వదిలేస్తే చేతులు ఊరుకోవు" అన్నాడు.

అలవాటు ఎలా అయిందో తర్వాత లాగాను. ఇంగ్లండులో ఏ పొలంలో తిరగాలన్నా యజమాని అనుమతి ఉండాలి. గుంతలు వదిలేసినా, తవ్విన తీగముక్కలు గట్టున పడేసినా రైతు మళ్ళీ గేటు తీయడు. ఎందుకంటే గడ్డితోపాటు మేకో తీగముక్కో మింగిన ఆవుకి అది రెండో పొట్టలో దిగబడి, గోడ చీల్చుకుని గుండె వైపు పోతుంది. అందుకని కొంతమంది రైతులు ఆవుచేత అయస్కాంతమే మింగిస్తారట, ఇనుమంతా పొట్టలో దానికే అంటుకుని ఉండిపోవడానికి. మన రోడ్ల మీది ఆవులకి ఎన్ని అయస్కాంతాలు మింగించాలో! మొత్తానికి రైతు భయంతో మొదలైన పని అలవాటయి మా కాలనీ బూడిద దాకా వచ్చింది. మొదట స్వార్థమే అనుకున్నాను కదా, దాన్నిప్పుడు ఏ కుప్పలో వేయాలో నాకు తెలియడం లేదు. ఈయన్ని అడగాలి.

ఒక మంచి ముక్క కూడా ఉంది, రాయడం మర్చిపోయేదాన్ని. జాలరిపేట వైపు ఇసుకలో వలకి కట్టే సీసపు ముక్కలు బోలెడు దొరికాయి. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక తాతకి బుజ్జి ఇచ్చేస్తే, ఆయన అరచేతిలో ఎగరేసి చూసి, "మాయే ఇవి" అని లుంగీ మడతలో కట్టుకున్నాడు. థాంక్స్ లేదు, దేశసేవ లేదు. ఆ పూటకి బుజ్జి ముఖం బాగుంది.

ఇక ఈయన కలలు. 2009లో ఇంగ్లండులోనే స్టాఫర్డ్‌షైర్ పొలంలో ఒకాయనకి డిటెక్టర్‌తో పాతకాలపు బంగారపు రాశి దొరికి, 32 లక్షల 85 వేల పౌండ్లు రైతూ ఆయనా చెరిసగం పంచుకున్నారని విన్నప్పటినుంచీ మనిషి నేల మీద లేరు. పాత బౌద్ధ శిథిలాలున్న తొట్లకొండ వెళదామా అన్నారు. రక్షిత కట్టడం దగ్గర గునపం దించితే జైలుకే అని బుజ్జి చెప్పాడు. 1878 నాటి చట్టం ఒకటుంది, భూమిలో దాగిన నిధి దొరికి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి, అది నేనే చూసి చెప్పాను. "పది రూపాయలా? ఆ రోజుల్లో పెట్టిన రేటు ఇంకా మార్చలేదా?" అని ఈయన బాధ అంతా దాని మీదే.

ఇంతకీ ఆ "ఏదో నా వంతు సార్" అనే మాట ఇప్పటికీ నచ్చలేదు. నిజం చెబితే ఆ పెద్దాయన కూడా ఒక సంచీ పట్టుకుని రాడని ఎవరు చెప్పారు? కానీ అంత పొద్దున్నే ఇసుకలో నిలబడి అల్యూమినియం అంకెలు వివరిస్తే ఎవరు వింటారులే. నేను కారులో వినాల్సి వచ్చింది కాబట్టి విన్నాను.

ఆదివారం బుజ్జి ఫ్లైటు. బరువు ఎక్కువవుతోందట, మెషీన్ ఇక్కడే వదిలేస్తానంటున్నాడు, ఈయన అప్పుడే దాని బ్యాటరీ ఎక్కడ చార్జింగ్ పెట్టాలో చూసి పెట్టుకున్నారు. ఉంచుకోండి, కాదనను. బ్లేడులు మందపాటి డబ్బాలో వేసి మూత బిగించి పైన రాసి ఇవ్వాలి, కుప్పలు వేసుకోవాలంటే కింద పార్కింగ్‌లో, మన స్కూటర్ వెనక. బాల్కనీ తలుపు తాళం రేపటినుంచీ నా దగ్గరే.