ఆఖరి ప్రశ్న మీరే రాయండి

మన బడిలో సోషల్ పరీక్ష పేపరు చివర ఒక వింత ప్రశ్న ఉండేది. ‘ఈ పాఠాల మీద, ఈ పేపర్లో లేని ప్రశ్న ఒకటి మీరే వేసి, జవాబు రాయండి.’ ఐదు మార్కులు. ప్రశ్నకి మూడు, జవాబుకి రెండు. మా ముందు బ్యాచ్‌కి అది లేదు. అది పెట్టిన సోషల్ మాస్టారు బదిలీ అయ్యాక తర్వాతివాళ్లకీ లేదు. ఎనభైల చివర్లో పర్లాకిమిడిలో తెలుగు మీడియం చదివిన మాకు మాత్రం పరీక్ష అంటే అసలు టెన్షన్ ఆ ఐదు మార్కులదే. మిగతా పేపరంతటికీ గైడు దొరుకుతుంది. దానికి దొరకదు.

మొదటిసారి అందరం పాఠం వెనకున్న ప్రశ్ననే అటూ ఇటూ మార్చేశాం. ‘అశోకుని గొప్పతనమును వివరింపుము’ కాస్తా ‘అశోకుడు ఎందుకు గొప్పవాడు?’ అయింది. మాస్టారు మార్కులైతే వేశారు గానీ, పక్కన ఎర్రసిరాతో ఒకే వాక్యం రాసిచ్చారు: ‘దీనికి జవాబు నీకు ముందే తెలుసు కదా?’ క్లాసులో సగం పేపర్ల మీద అదే.

మాకు కోపం వచ్చింది. జవాబు తెలియని ప్రశ్న రాస్తే మరి జవాబెలా రాస్తాం? అదే అడిగాం. ‘తెలిసినంతవరకు రాయండి, ఎక్కడ ఆగిపోయారో అదీ రాయండి’ అన్నారు.

ఏడాది చివరికొచ్చేసరికి ప్రశ్నల రంగు మారింది. నా బెంచీమేటు రాసింది ఇప్పటికీ గుర్తుంది. కళింగ యుద్ధంలో జరిగిన ప్రాణనష్టానికి తాను బాధపడ్డానని అశోకుడు పదమూడో శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం దూరదూరాన ఉన్న ఊళ్లలో కనిపిస్తుంది గానీ, యుద్ధం జరిగిన కళింగలోనే లేదు. ధౌలిలో లేదు, అప్పట్లో మన జిల్లాయే అయిన గంజాంలోని జౌగడలోనూ లేదు. వాటికి బదులు ఈ రెండు చోట్లా ‘మనుషులందరూ నా బిడ్డలే’ అంటూ అధికారులకి చెప్పిన వేరే శాసనాలున్నాయి. ఇదంతా మాస్టారు పాఠంలో చెప్పిందే. మావాడు దాన్ని పట్టుకుని ‘బాధపడ్డ సంగతి తాను బాధపెట్టిన జనానికే ఎందుకు చెప్పలేదు?’ అని ప్రశ్న వేశాడు. జవాబు ఒక్క వాక్యం: ‘మొహం చెల్లక.’ ఐదుకి నాలుగు వచ్చాయి. ‘ఇంకో కారణం కూడా ఆలోచించు’ అని ఒక మార్కు ఆపారు. చరిత్రకారులు కూడా దీని మీద తలలు పట్టుకున్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

ఇంకో అమ్మాయి ఏకంగా మాస్టార్నే ఇరుకున పెట్టింది. 1936 ఏప్రిల్ 1న మన ఊరు మద్రాసు నుంచి ఒరిస్సాలోకి వచ్చింది కదా, ఆ రోజు బడిలో హాజరు ఏ భాషలో పిలిచారు? మాస్టారు ‘నాకూ తెలీదు, కనుక్కుందాం’ అని రాసి, మమ్మల్ని ఊళ్లో పెద్దల మీదికి తోలారు. ఒక తాతగారు తెలుగులోనే పిలిచారన్నారు. ఇంకొకాయన ఆ రోజు సెలవిచ్చేశారన్నారు. మూడో ఆయన హాజరు సంగతి వదిలేసి, హద్దు గీయడంలో ఎవరి పొలం ఎటు పోయిందో చెప్పడం మొదలుపెట్టారు, మాకు అన్నం వేళ దాటిపోయింది. ఏది నిజమో మాస్టారు తేల్చలేదు. ఎవరు ఏం చెప్పారో, అప్పటికి వాళ్ల వయసెంతో రాసి తెమ్మన్నారు.

ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఓసారి అడిగితే గిడుగు రామమూర్తి పంతులుగారి కథ ఎత్తుకున్నారు. 1880లో ఈ ఊరి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరేనాటికి గిడుగుకి పదిహేడేళ్లు నిండాయో లేదో. కొండల మీది సవరల భాష పట్టుబట్టి నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. మాస్టారికి ఇష్టమైన ఘట్టం మాత్రం వేరే. 1907 ప్రాంతంలో యేట్స్ అనే దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. పుస్తకాల్లో తెలుగుకీ, జనం మాట్లాడే తెలుగుకీ ఇంత తేడా ఎందుకని తెలిసినవాళ్లని అడిగాడు. గిడుగు ఆ ప్రశ్నని పట్టుకున్నారు. ఆ తర్వాత వ్యావహారిక భాష కోసం నడిచిన గొడవంతా మనకి తెలిసిందే. ‘అడిగినవాడికి జవాబు తెలీదు, అందుకే అంత దూరం పోయింది’ అనేవారు మాస్టారు.

దాని ఫలం తెలుగు క్లాసులోనూ కనిపించేది. తెలుగు మాస్టారు వేరే ఆయన, కాస్త కోపిష్ఠి. అయినా వ్యాసంలో మనుషులు మాట్లాడుకునే చోట ‘ఏటోయ్, గొడుగు తేలేదేటి?’ అని రాస్తే కొట్టేసేవారు కాదు. వర్ణన భాగంలో రాస్తే కొట్టేసేవారు.

లెక్కల మాస్టారి సంగతి చెప్పకపోతే మా బ్యాచ్ నన్ను బతకనివ్వదు. అప్పట్లో మన ఊరి బండి నారో గేజ్. 1900లో మహారాజావారు నౌపడా నుంచి వేయించిన లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులు. తర్వాత గుణుపూర్ దాకా సాగింది. 2004లో ఆపేసి, 2011లో బ్రాడ్ గేజ్ చేశారు. కాలం–దూరం పాఠం వచ్చినప్పుడు మాస్టారు పుస్తకంలో లెక్కలు చెయ్యమనలేదు. ‘మన బండి స్పీడెంతో కనుక్కు రండి. టైమ్ టేబుల్ చూస్తే ఒప్పుకోను’ అన్నారు.

దూరం సులువే. ఇరవై మీటర్ల తాడు పట్టుకుని కంచెకి ఇవతల పదిసార్లు పరిచి, రెండు గుర్తులు పెట్టుకున్నాం. రెండు వందల మీటర్లు. చిక్కంతా టైముతో. ఎవరి దగ్గరా సెకన్ల ముల్లున్న వాచీ లేదు. ఒకటి, రెండు, మూడు అని నోటితో లెక్కపెడితే బండి దగ్గరకొచ్చేకొద్దీ మా నోళ్లూ స్పీడైపోయాయి. అప్పుడు ఎవరికో సైన్సులో చదివిన లోలకం గుర్తొచ్చింది (ఎవరికన్న దాని మీద మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తగువే). మీటరు దారానికి ఇనప నట్టు కట్టి ఊపితే, ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లడానికి ఇంచుమించు సరిగ్గా ఒక సెకను పడుతుంది. వేప కొమ్మకి కట్టాం. ఇంజను మొదటి గుర్తు దగ్గరికి రాగానే ఒకడు చేతిగుడ్డ ఊపాలి, వేపచెట్టు దగ్గరివాళ్లు ఊపులు లెక్కపెట్టాలి.

మూడు జట్లకి మూడు జవాబులు వచ్చాయి. 29, 32, 35 ఊపులు. అంటే గంటకి దాదాపు 25 కిలోమీటర్లు, ఇరవై రెండున్నర, ఇరవైన్నర. ‘ఏది కరెక్టు సార్?’ అంటే, ‘బండినడగండి’ అన్నారు. తేడా ఎందుకొచ్చిందో రాసి తెస్తేనే మార్కులన్నారు. గుడ్డ ఊపడం ఆలస్యమైందని ఒకరు, స్టేషన్ దాటాక బండి ఇంకా స్పీడందుకుంటోందని ఇంకొకరు రాశారు. మా జట్టు తప్పు తమాషాగా బయటపడింది. నట్టుని వదిలిన క్షణాన్నే ‘ఒకటి’ అన్నాం, ‘సున్నా’ అనాలి. ఇప్పుడు విశాఖలో బిల్డింగు డ్రాయింగులు గీసే పనిలో ఉన్నాను. స్తంభాలకీ వాటి మధ్య ఖాళీలకీ లెక్క కుదరని డ్రాయింగు వారానికొకటైనా కనిపిస్తుంది. అదే ‘ఒకటి’, అదే ‘సున్నా’.

డ్రాయింగు మాస్టారు మమ్మల్ని కొమ్ము బొమ్మలు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లిన రోజు గురించి వేరే వాళ్లు రాస్తారనుకుంటాను. ఒక్క మాట. కొమ్ముని వేడి చేసి వంచుతారు నిజమే గానీ, ముందు దాని సహజమైన వంపుని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూస్తారు. కొంగ మెడకి పనికొచ్చే కొమ్ముతో చేప చెయ్యరు. ఆ తర్వాత ఆయన బోర్డు మీద గులాబీ గీసి ‘చూసి వెయ్యండి’ అనడం మానేశారు.

ఇదంతా అందరికీ నచ్చిందని కాదు. పిల్లల్ని పట్టాల పక్కన తిప్పుతున్నారని ఒకరిద్దరు నాన్నలు గొడవకొచ్చారు. తనిఖీకొచ్చిన ఒక అధికారి అందరి నోట్సులూ ఒకేలా ఎందుకు లేవని అడిగారు. పదో తరగతిలో సంక్రాంతి దాటాక సోషల్ మాస్టారు కూడా బుద్ధిగా గైడు పట్టుకున్నారు. బోర్డు పరీక్షలో సొంత ప్రశ్నకి చోటు లేదు మరి. పుస్తకాలు సగం వర్షాకాలం దాటాక చేతికొచ్చేవి. అందువల్లే మాలో సృజన పెరిగిందని సభల్లో ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. పుస్తకాలు సమయానికొచ్చి ఉంటే మాస్టార్లు ఇంకా ఎక్కువ చేసేవారు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో బడి చదువుని బయటి జీవితంతో కలపాలని, బట్టీ తగ్గించాలని రాశారు. చదువుతుంటే మన బడే కళ్ల ముందు కదిలింది. కానీ చాలాచోట్ల సృజనాత్మకత అంటే శనివారం ఆఖరి పీరియడ్, చార్టు పేపరు, గమ్ము అన్నంతలోనే ఆగిపోయింది. మా సోషల్ మాస్టారు దాన్ని పరీక్ష పేపర్లోకి తెచ్చి, మార్కులిచ్చారు. మార్కులున్నాయి కాబట్టే ఇంట్లోవాళ్లూ పట్టించుకున్నారు, మేమూ పట్టించుకున్నాం.

ఈసారి మన పూర్వ విద్యార్థుల చందాలతో బడి స్టేజీకి టైల్స్ వేయించాలా, స్మార్ట్ బోర్డు కొనాలా అని కమిటీలో చర్చ నడుస్తోందట. నా ఓటు రెండింటికీ కాదు. మొన్న బడికెళ్లినప్పుడు ఆ ఆఖరి ప్రశ్న మళ్లీ పెట్టొచ్చు కదా అని ఇప్పటి టీచరుగారిని అడిగాను. ఆవిడ ఉన్నమాటే చెప్పారు. గైడు జవాబులు దిద్దడం ఒక పూట పని, ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న రాస్తే వారం పడుతుంది, సగం ప్రశ్నలకి జవాబు వెతకడానికి తనకి తీరికుండదు అన్నారు. అక్కడ మనం పనికొస్తాం. మన బ్యాచ్‌లో రైల్వేవాళ్లున్నారు, నర్సులున్నారు, ప్లీడరున్నాడు, ఒడియా, తెలుగు రెండూ గడగడా చదివేవాళ్లున్నారు. పరీక్షలయ్యాక ఒక ఆదివారం కూర్చుని పిల్లల ప్రశ్నలు పంచుకుందాం. నేను నెలకోసారి ఎలాగూ ఊరొస్తాను, సోషల్ నాకు వదిలేయండి. లెక్కలకి ఎవరైనా పేరివ్వాలి.