ఆపడం ఎలాగో ముందే అడిగి మందు మొదలుపెట్టాను

మాది హిందూపురం. పెళ్ళయిన దగ్గర్నుంచి బెంగుళూరులోనే ఉంటున్నాం, అగర చెరువుకి దగ్గర్లో ఇల్లు. 2023 చివర్లో ఒకరోజు పొద్దున నేనూ మా ఆయనా స్కూటర్ మీద ఔటర్ రింగ్ రోడ్డులో ఆఫీసుకి పోతుంటే వాటర్ టాంకర్ వాడు ఉన్నట్టుండి ఎడమకి తిప్పాడు. మేం పక్కకి పడ్డాం. మా ఆయనకి కాలర్‌బోన్ విరిగింది, నాకు మోకాలు చెక్కుకుపోయింది. మా ముందు బండి మీదున్న అబ్బాయి టాంకర్ వెనక చక్రం కింద పడి అక్కడే పోయాడు. అతని టిఫిన్ బ్యాగు చిరిగి, స్టీలు డబ్బా మూత దొర్లుకుంటూ వచ్చి నా చేతి దగ్గర ఆగింది. మూత లోపలివైపు చిత్రాన్నం మెతుకులు నాలుగు, ఒక కరివేపాకు రెబ్బ అంటుకుని ఉన్నాయి. అతని ముఖం నేను చూడలేదు, ఆ మూతని మాత్రం ఇప్పుడడిగినా బొమ్మ గీసి చూపించగలను.

ఇంటికి వచ్చినవాళ్ళంతా మా ఆయన్నే పలకరించారు, కట్టు ఆయనకే ఉంది కాబట్టి. నన్ను చూసి "నీకేం కాలేదు, దేవుడు చల్లగా చూశాడు" అన్నారు. ఆయన కట్టు విప్పేసి మళ్ళీ బండి ఎక్కాక నాది మొదలైంది. టాంకర్ ఆగేటప్పుడు ఎయిర్ బ్రేక్ బుస్సుమంటుంది కదా, ఆ చప్పుడు వింటే గుండె గొంతులోకి వచ్చేది, అరచేతులు తడిసిపోయేవి, నేను ఏ గదిలో ఉన్నానో కూడా ఒక్క క్షణం తెలిసేది కాదు. 2024 ఎండాకాలంలో బెంగుళూరులో బోర్లు ఎండిపోయి ఎంత నీటి కరువు వచ్చిందో అందరికీ గుర్తుండే ఉంటుంది, మా వీధిలో తెల్లవారుజామునుంచి రాత్రి దాకా టాంకర్లే. అన్ని ఇళ్ళవాళ్ళూ టాంకర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటే నేను వంటింట్లో తలుపేసుకుని కూర్చునేదాన్ని. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసేది, ఇక తెల్లారేదాకా నిద్ర ఉండేది కాదు. ఆఫీసుకి రింగ్ రోడ్డు తప్పించి సందుల్లోంచి ఆటోలో పోయేదాన్ని, అది కూడా కుదరని రోజున ఏదో ఒక సాకు చెప్పి ఇంటినుంచే పని.

ఇంటి దగ్గర క్లినిక్‌లో జనరల్ డాక్టర్ కొన్ని రోజులకని అల్ప్రజోలాం అనే ఆందోళన తగ్గించే మాత్ర రాసిచ్చారు. వేసుకున్న అరగంటకే ఒళ్ళంతా తేలిక, ఆ హాయి నాకు భయం పుట్టించింది కూడా, ఎందుకంటే సాయంత్రం అయ్యేసరికి మనసు ఆ మాత్ర వైపే లాగేది. మందులంటే నాకు గట్టి భయం పట్టుకుంది ఇక్కడే, ఆ తర్వాత ఎవరు ఏ మాత్ర పేరు చెప్పినా నేను దీన్నే ఊహించుకునేదాన్ని.

అమ్మ వచ్చి నన్ను కసాపురం తీసుకుపోయింది, నెట్టికంటి ఆంజనేయస్వామి దగ్గరికి. భయం పట్టినవాళ్ళని మా వైపు అక్కడికే తీసుకుపోతారు. నేను ఇష్టంగానే వెళ్ళాను, ఆ గుడిలో కూర్చున్నంతసేపూ మనసు కుదుటపడింది కూడా. తిరిగి వచ్చేటప్పుడు హైవే మీద లారీ ఒకటి బ్రేకు వేయగానే అమ్మ చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నానట, నాకు గుర్తు లేదు, అమ్మే చెప్పింది. బెంగుళూరు చేరాక తనే "ఆ నిమ్హాన్స్‌లో ఒకసారి చూపిద్దాం పాపా" అంది. అది పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి, మా ఊళ్ళో దాని పేరు గొంతు తగ్గించి చెప్పుకుంటారు, ఫలానావాళ్ళ పిల్లని అక్కడికి తీసుకుపోయారంట అని. ఆ మాట తనంతట తాను అనడానికి అమ్మ ఎంత మథనపడి ఉంటుందో నాకు తెలుసు.

హోసూర్ రోడ్డులో ఆ ఆసుపత్రి ఓపీ దగ్గర పొద్దున్నే నిలబడితే సగం మాటలు తెలుగే వినిపిస్తాయి, అనంతపురం, చిత్తూరు, మదనపల్లె. నన్ను చూసిన డాక్టరమ్మకి తెలుగు వచ్చు. అంతా విని, ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నారు, అది ఎక్కువైనా ఇలాగే గుండెదడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం ఉంటాయట. నార్మల్ వచ్చింది. అప్పుడు చెప్పారు, దీన్ని పీటీఎస్‌డీ అంటారని, అంటే ఘోరమైనది ఏదైనా జరిగాక ఆ భయం మనసులో ఉండిపోయే జబ్బని, 1980లోనే అమెరికా వైద్యుల పుస్తకంలో దీనికి ఆ పేరు పెట్టారని, దెబ్బ ఒంటికి తగలక్కర్లేదు, కళ్ళ ముందు ఒకరు అలా పోతే చాలని. "నీకేం కాలేదు" అన్న మాట అన్ని నెలలు విన్నదాన్ని, నాకు అక్కడే ఏడుపొచ్చింది.

దీనికి మొదట చేయాల్సింది ట్రామా థెరపీ అని ఆవిడ స్పష్టంగానే చెప్పారు. బ్రిటన్‌లో వైద్యానికి సూచనలిచ్చే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు కూడా, 2018లో వచ్చినవి, అదే చెప్తాయని తర్వాత చదివాను, మందు కావాలనుకునేవాళ్ళకి సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు ఇవ్వొచ్చు అని ఉంది అందులో. కాబట్టి థెరపీతోనే మొదలుపెట్టాను. జరిగింది మొదట్నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని చెప్పాలి, అది ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంట్లో మళ్ళీ మళ్ళీ వినాలి. నాకు డబ్బా మూత దాకా కూడా మాట వచ్చేది కాదు. రాత్రంతా నిద్ర లేని మనిషి పొద్దున్నే ఆ రికార్డింగ్ ఎలా వింటుంది? థెరపిస్టే అన్నారు, నిద్ర కాస్త దారిలో పడితే ఈ పని సాగుతుంది, మందు సంగతి డాక్టర్‌తో ఇంకోసారి మాట్లాడండి అని.

అసలు గొడవ అప్పుడు మొదలైంది, నాలోనూ ఇంట్లోనూ. అమ్మకి "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే" అన్న భయం. మా ఆయన "నువ్వు ఎలా అంటే అలా" అనేవాడు, ప్రేమతోనే, కానీ ఆ మాటతో బరువంతా నా ఒక్కదాని మీదే పడేది. రెండో బిడ్డ ఆలోచన ఉంది, దానికేమైనా అవుతుందా? ఆఫీసులో తెలుస్తుందా? (మన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందని తర్వాత తెలుసుకున్నాను, అప్పట్లో తెలిస్తే ఆ ఒక్క టెన్షన్ అయినా తగ్గేది.) నేను నేనుగా ఉంటానా? మందు వేసుకుంటే ఆ అబ్బాయిని మర్చిపోతానేమో, అది అన్యాయమేమో అన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చివరికి డాక్టరమ్మ దగ్గర కూర్చుని "దీన్ని ఆపాలంటే ఎలా ఆపుతారు, అది చెప్పండి ముందు" అని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు, కాగితం తీసుకుని గీసి చూపించారు. సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలు, వారం తర్వాత 50. పనిచేయడం తెలియడానికి కొన్ని వారాలు, పీటీఎస్‌డీలో అయితే రెండు మూడు నెలలు కూడా చూడాలి. బాగయ్యాక ఇంకో ఏడాది అదే మోతాదు, ఆ తర్వాత మెల్లగా తగ్గింపు, తగ్గించేటప్పుడు తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం కొందరికి వస్తుంది, వస్తే వేగం తగ్గిస్తాం. అల్ప్రజోలాం లాగా వెంటనే హాయినిచ్చి ఇంకా కావాలనిపించే రకం కాదు ఇది, కానీ ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది కాబట్టి డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా మానేయకూడదు, ఈ రెండూ వేరువేరు సంగతులు అన్నారు. అన్ని నెలలు నేను ఈ రెంటినీ కలిపేసి భయపడుతున్నాను, అక్కడ విడిపోయాయి. బిడ్డ సంగతి చెప్తే, అందుకే ఇదే రకం మందు పారోక్సెటిన్ ఇవ్వడం లేదు, గర్భం వచ్చేలా ఉంటే దాన్ని సాధారణంగా తప్పిస్తాం, సెర్ట్రలిన్ అయితే అప్పుడు మళ్ళీ కూర్చుని లాభనష్టాలు చూసుకోవచ్చు అన్నారు. మోకాలి నొప్పికి ఏం వేసుకుంటున్నావని కూడా అడిగారు. ట్రమడాల్‌తో కలిస్తే ప్రమాదమట, ఐబూప్రోఫెన్ లాంటివి తరచుగా వేసుకుంటే రక్తస్రావం అవకాశం పెరుగుతుందట. మందుల షాపులో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఇడ్లీ తిన్నాక మొదటి మాత్ర వేసుకున్నాను. కత్తెరతో కోసిచ్చిన స్ట్రిప్, పేరు సగం తెగిపోయి ఉంది, నేను పూర్తి స్ట్రిప్ కావాలని తిరిగి వెళ్ళి మార్చుకొచ్చాను, ఇలాంటి మందుకి పేరు, మోతాదు, గడువు తేదీ కనిపించి తీరాలి అనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. మొదటి రోజుల్లో కడుపులో వికారం, విరేచనాలు, నోరు ఎండిపోవడం, దవడలు బిగుసుకోవడం. గుండెదడ తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉండకపోతే నేను అక్కడే మానేసేదాన్ని. మా ఆయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పారు, మొదటి వారాల్లో ఆమె మరీ అల్లాడిపోతున్నా, చచ్చిపోవాలని మాట్లాడినా వెంటనే ఫోన్ చేయండి అని. 25 ఏళ్ళ లోపువాళ్ళలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, అమెరికాలో మందు డబ్బా మీద ఆ హెచ్చరిక వేయమని 2004లో పిల్లల గురించి మొదలుపెట్టి 2007లో 24 ఏళ్ళ వయసు దాకా పెంచారు.

తేడా మొదట గమనించింది మా అమ్మాయి, "అమ్మా నువ్వు పొద్దున లేవలేదు, నేనే లేపాను" అంది. అంటే నేను తెల్లారేదాకా పడుకున్నాను. నిద్ర వచ్చాక థెరపీ కదిలింది. రికార్డింగ్ వినగలిగాను, మూత దాటి ఆ తర్వాత జరిగింది కూడా చెప్పగలిగాను, అంబులెన్స్ వచ్చేదాకా ఎవరో ఒక ఆడమనిషి ఆ అబ్బాయి మీద తన దుపట్టా కప్పిందని అప్పుడే గుర్తొచ్చింది. ఆ తర్వాత రోడ్డు. మొదట మా ఆయనతో అగర బస్‌స్టాప్‌లో ఊరికే కూర్చోవడం, టాంకర్లు పోతుంటే చూస్తూ, భయం పెరిగి దానంతట అది తగ్గేదాకా లేవకుండా. తర్వాత ఒక్కదాన్నే. తర్వాత సిల్క్ బోర్డ్ దాకా బస్సులో.

మందు తీసుకుపోయినవి కూడా రాయాలి. కోరిక బాగా తగ్గిపోయింది, అది డాక్టర్‌తో చెప్పడానికి నాకు చాలా సిగ్గేసింది, చెప్పాక ఆవిడ ఇది చాలామందికి వచ్చేదే అని చెప్పి మోతాదు పెంచకుండా 50 దగ్గరే ఉంచారు. మా అవ్వ పోయినప్పుడు నాకు కన్నీళ్ళు రాలేదు. నన్ను పెంచిన మనిషి. బాధ లోపల ఉంది, కళ్ళలోకి రాలేదు, అందరూ ఏడుస్తుంటే నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను, అయినా ఆ సమయంలో మందు వేసుకున్నందుకు బాధపడను. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి. ఆ అబ్బాయిని మర్చిపోతానేమో అనుకున్నాను కదా, మర్చిపోలేదు, ఇప్పుడైతే అతని గురించి మాట్లాడగలుగుతున్నాను.

డాక్టరమ్మ కాగితం మీద గీసినట్టే బాగయ్యాక ఏడాది పైన వాడి ఇప్పుడు తగ్గింపులో ఉన్నాను, 25కి వచ్చాను. కళ్ళు చటుక్కున పక్కకి తిప్పితే తలలో చిన్నగా కరెంటు కొట్టినట్టు ఉంటోంది, మొదటి వారం ఎక్కువ, ఇప్పుడు తక్కువ. ఎయిర్ బ్రేక్ చప్పుడికి ఇంకా ఉలిక్కిపడతాను, ఉలిక్కిపడి చేసే పని చేసుకుంటాను. మళ్ళీ తిరగబెడితే మళ్ళీ వేసుకుంటాను, అది అమ్మకి కూడా చెప్పేశాను.

మా చిన్నాన్న కొడుకు ఈమధ్య స్నేహితుడు చెరువులో మునిగిపోతుంటే గట్టుమీద నుంచి చూశాడు, వాడికి ఇప్పుడు నీళ్ళ చప్పుడు పడటం లేదు. అర్ధరాత్రి భయమేస్తే 14416కి చేయమన్నాను, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు. మందు వేసుకోమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు, వాడికి 22 ఏళ్ళు కాబట్టి ఆ హెచ్చరిక సంగతి అడగమన్నాను, ఎలా ఆపుతారో రాయించుకోమన్నాను. ముందు థెరపీతో చూస్తానక్కా అంటున్నాడు. సోమవారం అపాయింట్‌మెంట్, నేను లీవు పెట్టి తోడు వెళ్తున్నాను.