వెయ్యి రెట్లు పెంచే పెట్టె

ఆదివారం సైనిక్‌పురిలో మా బావగారి కొత్త ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పరికరం) విన్నాను. ధరెంత అంటే, అక్క వంటింట్లో ఉందని సైగ చేశారు.

రెండు పెట్టెలు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదాన్ని దూరంగా పెట్టారు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ (సూది కదలికని బుల్లి తీగచుట్టతో సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చేది చాలావరకు అర మిల్లీవోల్టు లోపే. దాన్ని 60 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్లు పెంచాలి. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ గుయ్‌మనే రొద దూరితే అదీ వెయ్యి రెట్లవుతుంది మరి!

ఇంకో పెద్ద పని ఉంది. రికార్డు కోసేటప్పుడే బేస్ (కింది స్థాయి శబ్దాలు) తగ్గించి ట్రెబుల్ (పై స్థాయివి) పెంచుతారు, బేస్ తగ్గించకపోతే గాడులు వెడల్పై పాటలు పట్టవు. ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్ పైగా పెంచి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. 1950లలో ఖాయమైన ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం) కర్వ్ అదే.

వెనక లోడ్ (కార్ట్రిడ్జ్‌కి ఎదురయ్యే నిరోధం) మార్చే బుల్లి స్విచ్‌లున్నాయి. 47 కిలో ఓమ్స్‌లో వయొలిన్ కాస్త కీచుమంది, 100 ఓమ్స్‌కి మార్చగానే సర్దుకుంది. కోఠీలో కొన్న పాత రికార్డు వంకరగా ఉండి స్పీకర్ కోన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, సబ్‌సోనిక్ ఫిల్టర్ (చెవికి అందనంత కింది కదలికల్ని ఆపేది) నొక్కారు. ఆగిపోయింది. నా ఓటు దానికే.

ముందున్న వేలు మందం అల్యూమినియం పలక మాత్రం ఉత్త షోకు. ఆ మాటంటే బావగారు మొహం మాడ్చుకున్నారు.